తలుపు మీద ఒక్క గీత

జూన్ 9

అమ్మ ఇవాళ బాత్రూంకి తనంతట తనే వెళ్ళింది. ముందు ఇది చెప్పేస్తే గాని నా కలం కదలదు. ఇప్పుడు నీ పేరు రాస్తాను.

పెన్సిలు తల్లికి,

నేను చెయ్యి పట్టుకోలేదు. వెనకాల నడవలేదు. "అటు కాదు, ఇటు" అని కేకలు వెయ్యలేదు. మంచం దిగింది, నిలబడి నాలుగు తలుపులూ చూసింది, నువ్వు పంపిన నీలం చుక్క ఉన్న తలుపు దగ్గరికి నడిచింది, లోపలికి వెళ్ళింది, వచ్చి మళ్ళీ మంచం మీద కూర్చుంది. ఆవిడకి అదేమీ గొప్పగా అనిపించినట్టు లేదు. నాకు మాత్రం పండగే. రెండేళ్ళుగా సొంత ఇంట్లో దారి తప్పుతున్న మనిషి కదా తల్లీ. చప్పట్లు కొట్టబోయి, జడుసుకుంటుందేమోనని తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఫోన్లోనే చెప్పేవాణ్ణి. నా చెవుడు సంగతి నీకు తెలుసుగా, నేను అరుస్తాను, ఎవరితోనో తగువు పడుతున్నాననుకుని అమ్మ వణికిపోతుంది. అందుకని ఉత్తరం. ఉత్తరం ఎప్పుడూ మంచి కబురుతోనే మొదలుపెట్టాలని అమ్మ పెట్టిన రూలు. ఆవిడ మరిచిపోతేనేం, ఇద్దరిలో ఒకరికి గుర్తుంటే చాలదూ.

నిజం చెప్పొద్దూ, నీ కాగితం విప్పగానే వెనక్కి తిప్పి చూశాను, అసలు బొమ్మ అటువైపు ఉందేమోనని. అంత పెద్ద కాగితానికి నడిమధ్యన ఒక్క చుక్క. మీ ఆఫీసులో పదిమంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఆఖరికి చేసేది ఇదా అనుకున్నాను. నలభై ఆరేళ్ళు బోర్డులు రాసినవాణ్ణి, నేనెప్పుడైనా ఒక కొట్టువాడికి చుక్క పెట్టి ఇచ్చుంటే బ్రష్షు లాక్కుని నా మొహానే పూసేవాడు. అయినా నువ్వు చెప్పిన ఎత్తున తలుపు మీద అలాగే వేశాను, పనిచేసింది. పుల్లలా ఉండి ఇంట్లో గోడలన్నీ గీసి పారేస్తోందని మీ అమ్మ పెన్సిలు అని పేరు పెట్టింది, ఆ పెన్సిలే ఇవాళ అమ్మకి దారి చూపించింది.

చిన్న మెరుగు మాత్రం దిద్దాను. చుక్క చుట్టూ సన్నటి తీగ, నాలుగు మూలలా నాలుగు పువ్వులు, కింద కాస్త షేడు, పైన ఎదురెదురుగా రెండు చిలకలు. మరీ బోసిగా ఉందని. నీ చుక్కని ముట్టుకోలేదు, చిన్నబుచ్చుకోకు.

డాక్టరు ఏమన్నాడు? వర్షాలు వెనకపట్టేదాకా చూద్దాం, అప్పటికి బాత్రూంకి తనే వెళ్ళగలిగితే ఇంట్లో ఉంచుకోండి, లేకపోతే మీ వయసులో మీ వల్ల కాదు, మతిమరుపు వాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్పించాల్సిందే అన్నాడు. నువ్వు పోయి అక్కడ పేరు కూడా రాయించావు. ఇప్పుడు పోయి కొట్టించెయ్. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమను.

సంతోషం పట్టలేక చెయ్యి వణికి అక్షరాలు ఇలా వచ్చాయి, మరోలా అనుకోకు.

నీ నాన్న


జూన్ 16

నాన్నా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివాను. నా మొహం చూసి ఎదురొచ్చినవాళ్ళు ఏమైందని అడిగారు. మా అమ్మ బాత్రూంకి వెళ్ళిందండీ అన్నాను. ఇదే నా మంచి కబురు.

ఇక రెండో మాట. తీగ తీసెయ్. పువ్వులు తీసెయ్. చిలకలు తీసెయ్. షేడు కూడా.

కోపం తెచ్చుకోకు. అమ్మ తలలో ఇప్పుడు ఒకసారికి ఒక్క మాటకే చోటుంది. నువ్వు ఆ తలుపు చేత నాలుగు మాటలు ఒకేసారి చెప్పిస్తున్నావు. చుట్టూ ఉన్న తెలుపు బోసి కాదు నాన్నా, చుక్కని చూపించే వేలు అదే. మేం హాస్పిటళ్ళకి బోర్డులు చేసేటప్పుడు నెలంతా కూర్చునేది ఏం పెట్టాలా అని కాదు, ఇంకా ఏం తీసెయ్యొచ్చా అని.

హోమ్‌లో పేరు ఇప్పుడే కొట్టించను. ఈ నెల రావడం కుదరదు. పని ఎక్కువగా ఉంది.

పెన్సిలు


జూలై 3

పెన్సిలూ,

మంచి కబురు: అమ్మ ఇవాళ గొణగకుండా జుట్టు దువ్వించుకుంది.

నీ ఉత్తరాలూ నీ బోర్డుల్లాగే ఉంటాయి, అంతా మార్జినే. నేనైతే కాగితం వెనక కూడా రాస్తాను. సరే, విను.

నువ్వు తీసెయ్యమన్నప్పుడు తియ్యలేదు. రెండు రోజులు కూర్చుని వేసింది చేతులారా ఎలా గీకెయ్యను అనుకున్నాను. తప్పు నాదే. సోమవారం పొద్దున అమ్మ ఆ తలుపు దాకా వెళ్ళి లోపలికి పోలేదు. మూల ఉన్న పువ్వుని గోటితో కోస్తూ నిలబడింది. పెయింటు పువ్వు ఎక్కడ తెగుతుంది. "రావడం లేదు, రావడం లేదు" అంటూనే ఉంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి నేలంతా తడిసిపోయింది. నన్ను చూసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. మీ అమ్మ సిగ్గుపడడం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. మా బావే కదా అని పందిట్లో గలగలా మాట్లాడుతుంటే మా అక్క కసురుకుంది.

గరుకు కాగితం తీసుకుని మధ్యాహ్నం దాకా గీకాను. చిలకలు ఒక పట్టాన పోలేదు. మంచి ఎనామిల్ మరి.

ఇప్పుడు నీ చుక్క ఒక్కటే మిగిలింది. ఏం లాభం. మొదటి నాలుగు రోజులూ కొత్త కాబట్టి చూసింది కాబోలు, ఇప్పుడు గోడ మీద మేకుని చూసినట్టయినా చూడదు. నిన్న దాని పక్కనించే నడిచి, వీధి తలుపు తీసుకుని నాలుగిళ్ళ అవతలిదాకా పోయింది. నేను మందుల పొట్లం విప్పుతున్నాను, అంతసేపే. కాళ్ళకి చెప్పుల్లేవు. ఇస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే "నెమలి దగ్గరికి" అంది. వీధి తలుపు మీద నేను వేసిన నెమలి సంగతి అనుకుంటాను.

ఇంకో మాట. రాయకూడదనే అనుకున్నాను. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు సెలవులకి వచ్చి ఒక నోట్‌బుక్కు మరిచిపోయావు. తెరిచి చూస్తే నేను రాసిన బట్టల కొట్టు బోర్డు ఫోటో. నా బోర్డు కూతురి పుస్తకంలోకి ఎక్కిందని ముందు పొంగిపోయాను. తర్వాత చూశాను: తీగ మీద ఇంటూ, పువ్వుల మీద ఇంటూ, బోర్డరు మీద ఇంటూ, షేడు మీద ఇంటూ. పేజీ నిండా ఎర్ర ఇంటూలు. ఆ బోర్డుకి నాకు పదకొండు రోజులు పట్టింది. పుస్తకం మూసి నీ పెట్టెలో పెట్టేశాను. అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అమ్మకీ గుర్తు లేదు కాబట్టి మళ్ళీ నేనొక్కణ్ణే మొయ్యాల్సి వస్తోంది. అందుకే, నువ్వు తీసెయ్ తీసెయ్ అంటుంటే అది తలుపు గురించే అనుకోలేకపోతున్నాను. అమ్మని హోమ్‌కి పంపడం, నువ్వు ఇటు రాకపోవడం, అన్నీ ఒకే ఎర్ర పెన్నుతో చేస్తున్నట్టుంది.

పెద్దవాణ్ణి, నోరు జారితే సర్దుకో.

నాన్న


జూలై 10

నాన్నా,

మంచి కబురు: ఆ నోట్‌బుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. ముందు పెట్టుకునే రాస్తున్నాను.

పదిహేడేళ్ళు మోశావా దీన్ని? ఒక్క మాట అడిగుంటే పోయేది. అది మా మాస్టారు ఇచ్చిన పని. మీకు అన్నిటికన్నా ఇష్టమైన బోర్డు ఒకటి తెచ్చుకోండి, అందులోంచి ఒక్కొక్కటే కొట్టేస్తూ పోండి, ఏది కొట్టేస్తే బోర్డు చచ్చిపోతుందో అక్కడ ఆగిపోండి అన్నారు. క్లాసులో అందరూ పెద్ద పెద్ద కంపెనీలవి తెచ్చారు. నేను నీది తెచ్చాను. తీగ కొట్టేశాను, చావలేదు. పువ్వులు, బోర్డరు, షేడు, ఆఖరికి అక్షరాలు కూడా. బోర్డు ఇంకా బతికే ఉంది. "కొట్టు" చివర కొమ్ము దగ్గరికి వచ్చి ఆగిపోయాను. లావుగా మొదలై, కిందికి జారి, వెంట్రుకంత సన్నబడి మళ్ళీ పైకి లేస్తుంది చూడు, ఒకే విసురులో. దాన్ని కొట్టెయ్యడానికి నా చెయ్యి రాలేదు. నువ్వు పేజీ తిప్పి ఉంటే కనబడేది. వెనకంతా ఆ కొమ్ము ఒక్కటే గీశాను, అరవై సార్లు. ఒక్కటీ నీదానిలా రాలేదు. నేను ఈ పనిలోకి వచ్చిందే దాని వల్ల.

ఇక తలుపు. ఈసారి తప్పు నాది. నా చుక్క మరీ నున్నగా ఉంది. కంప్యూటరు గీసింది, అందులో ఎవరూ లేరు. తక్కువ ఉంటే సరిపోదు, ఉన్న ఆ కాస్తలో ఒక మనిషి ఉండాలి. అది నీ కొమ్ము చూసి నేర్చుకుని, మళ్ళీ ఆఫీసులో పడి మరిచిపోయాను. చుక్క చెరిపెయ్. అదే నీలం రంగుతో ఆ కొమ్ము వెయ్యి. ఒక్కటే. బ్రష్షు ఎత్తకుండా, మళ్ళీ దిద్దకుండా. అమ్మ చూపు ఎక్కడ ఆగుతుందో అక్కడ మొదలుపెట్టు, అది నాకన్నా నీకే తెలుసు. తలుపు పిడి దగ్గర ముగించు.

ఇంకొకటి అడగడానికి నోరు రావడం లేదు. వీధి తలుపు. ఇంట్లో అన్నిటికన్నా గట్టిగా పిలిచేది ఆ నెమలే. దాన్ని గోడలో కలిపెయ్యాలి నాన్నా, గోడ రంగే, పిడితో సహా. హోమ్‌లో బయటి తలుపులకి అలాగే చేస్తారు. నువ్వు చెయ్యనంటే నేనేమీ అనను.

పెన్సిలు


ఆగస్టు 6

పెన్సిలు తల్లీ,

పద్నాలుగు రోజులు. పద్నాలుగు రోజులుగా ఒక్క పూట కూడా తప్పలేదు మీ అమ్మ.

అరవై సార్లు గీశావా నా కొమ్ముని? ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇస్త్రీకి వేసేటప్పుడు తీసి మళ్ళీ పెట్టుకుంటున్నాను. పేజీ తిప్పని వెధవని నేను.

నా చెయ్యి సంగతి నీకు చెప్పలేదు. బ్రష్షు పడితే వణుకుతోంది. పాత అట్టల మీద ఇరవైసార్లు వేసి చూశాను, ప్రతిదీ అలలు అలలుగా వచ్చింది. ఇంక ఇలా కాదని తలుపు ముందు కూర్చున్నాను. మొదట నువ్వు చుక్క పెట్టమన్న ఎత్తు ఉందే, అది నిటారుగా నడిచేవాళ్ళకి. అమ్మ ఇప్పుడు వంగి నడుస్తుంది, చూపంతా కిందికే. అందుకని నా ఛాతీ ఎత్తున మొదలుపెట్టాను. ఊపిరి బిగబట్టి ఒక్క విసురు. వణికింది. దిద్దబోయి, నీ మాట గుర్తొచ్చి బ్రష్షు తీసుకెళ్ళి టర్పెంటులో ముంచేశాను, మళ్ళీ చెయ్యి పోకుండా.

మర్నాడు రంగు ఆరాక అమ్మ వచ్చింది. గీత మొదట్లో వేలు పెట్టింది. నెమ్మదిగా దిగింది. నా చెయ్యి వణికిన చోటల్లా ఆవిడ వేలు కూడా అలాగే ఊగుతూ దిగింది. దిగి దిగి పిడి మీదికి వచ్చింది. తిప్పింది. రోజూ ఇంతే. నున్నటి చుక్కని నాలుగు రోజుల్లో మరిచిపోయిన మనిషి, ఈ వంకర గీతని ప్రతి పూటా కొత్తగా చూస్తోంది.

వీధి తలుపు కూడా చేశాను. దాని గురించి ఎక్కువ రాయను. ఆ నెమలి వేసినప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు. అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని రంగు డబ్బాలు అందించేది. కన్ను మాత్రం తనే పెడతానంది, అగ్గిపుల్ల తెల్లరంగులో ముంచి పెట్టింది. ఇప్పుడు మూడు కోటింగులు పట్టాయి. రెండు కోటింగుల దాకా ఆ కన్ను కనబడుతూనే ఉంది.

అమ్మ ఇక వీధిలోకి వెళ్ళడం లేదు. కానీ రోజూ ఒకసారి వచ్చి అరచేత్తో అక్కడ తడుముతుంది, ఏమీ లేని చోట. ఇల్లంతటిలో ఎక్కువసేపు నిలబడి చూసేది దాన్నే.

అసలు శుభవార్త దాచి దాచి ఇక్కడికి తెచ్చాను. నిన్న బ్రష్షులు కడుక్కుంటుంటే పక్కకి వచ్చి నిలబడి అంది కదా, "పెయింటరు గారూ, పని బాగా చేశారు. మా ఆయనా బోర్డులు రాస్తాడు. చెయ్యి మంచిదే గాని ఎక్కడ ఆగాలో తెలీదు. వచ్చాక మీ తలుపు చూపిస్తాను" అని. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో నా పని బాగుందని మీ అమ్మ నోట వినడం ఇదే మొదలు. "చూపించండి, నేర్చుకుంటాడు" అన్నాను. నవ్వింది. ఎంత బాగా నవ్విందనుకున్నావు.

ఇట్లు, పని మెచ్చుకోబడిన నీ నాన్న


ఆగస్టు 13

నాన్నా,

మంచి కబురు వెతికాను, దొరకలేదు. అమ్మ క్షమిస్తుందిలే.

నీ ఉత్తరంలో ఆఖరి మాటలు మూడుసార్లు చదివాను. నిన్ను బావా అని పిలవడం ఎప్పుడు మానేసింది? ఎన్నాళ్ళయింది?

నేనూ ఒకటి దాచాను. నేను రాకపోవడం పని వల్ల కాదు. ఫిబ్రవరిలో వచ్చినప్పుడు నువ్వు మందుల షాపుకి వెళ్ళావు. అమ్మ నాకు కుర్చీ చూపించింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "మా అమ్మాయి ఊళ్ళో లేదండీ, దాంతో పనైతే వచ్చాక రండి" అంది, ఎంతో మర్యాదగా. నువ్వు తిరిగొచ్చి, "చూశావా, కూతుర్ని చూడగానే మొహం ఎలా వెలిగిపోయిందో" అన్నావు. ఆ సంతోషం చెరపడం నా వల్ల కాలేదు. మళ్ళీ వస్తే నీ ముందే అంటుందని భయం. అందుకే పని పని అంటూ వచ్చాను.

హోమ్‌లో పేరు రాయించింది కూడా అందుకే. అమ్మని వదిలించుకోవడానికి కాదు. నన్ను మరిచిపోయింది, రేపు నిన్నూ మరిచిపోతుంది, ఆ రోజు నువ్వు ఒక్కడివే ఆ ఇంట్లో ఉండకూడదని. ఆ రోజు వచ్చేసిందని నువ్వే నాకు శుభవార్త రాశావు.

పేరు ఉంచమంటావా, కొట్టించమంటావా? ఈసారి నువ్వు చెప్పిందే చేస్తాను.

పెన్సిలు


సెప్టెంబరు 2

పెన్సిలు తల్లీ,

అమ్మ ఇంట్లోనే ఉంటుంది. డాక్టరు ఒప్పుకున్నాడు.

నిన్న వచ్చాడు. కుర్చీలో కూర్చుని కాఫీ ఇచ్చినా తాగకుండా చూస్తూ ఉన్నాడు. అమ్మ లేచింది, వెళ్ళింది, గీత మీద వేలు పెట్టింది, వచ్చింది. ఆయన కూడా పోయి ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. "ఎవరు వేశారండీ ఇది?" అన్నాడు. "అదిగో, ఆ పెయింటరు గారే. నెమ్మదస్తుడు, పాపం చెవులు వినబడవు" అంది అమ్మ. ఆయన నా వైపు తిరిగి చూశాడు. కాఫీ చల్లారిపోయినా తాగేసి వెళ్ళాడు. పేరు కొట్టించెయ్ తల్లీ.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. మార్చిలో. ఒకరోజు పొద్దున బావా అనలేదు. మర్నాడూ అనలేదు. మూడోరోజు "ఎవరు కావాలండీ" అంది. నీకు రాద్దామని కాగితం తీస్తే పైన పెట్టడానికి మంచి కబురు లేదు. జూన్‌లో నీ చుక్క వచ్చేదాకా లేదు. చూడు మరి, ఫిబ్రవరిలో నువ్వు, మార్చిలో నేను. ఇద్దరం ఒకే దెబ్బ తిని, ఒకరికి తగిలిందని ఒకరికి తెలియకుండా దాచుకున్నాం.

నేను ఒక్కణ్ణే ఉన్నానని బెంగపడకు. అమ్మ నన్ను వెళ్ళిపొమ్మనడం లేదు. పని అయ్యేదాకా ఇక్కడే ఉండండి అంది. అందుకని వంటింటి తలుపు పూర్తిచెయ్యలేదు. తెల్ల కోటింగు వేసి వదిలేశాను. రోజూ పొద్దున బ్రష్షు పట్టుకుని దాని ముందు కూర్చుంటాను, కాసేపు చూస్తాను, లేస్తాను. "ఏం, ఇవాళా అవలేదా?" అంటుంది. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదమ్మా" అంటాను. "తొందరేముంది లెండి" అంటుంది. మీ నాన్న ఒక తలుపుని ఖాళీగా వదిలేశాడంటే మీ ఆఫీసులో నమ్ముతారా?

ఇక అమ్మ ఇంట్లోనే ఉంటుందన్న కబురు అందరికీ చెప్పాలి. ఫోన్లో నా వల్ల కాదు, నువ్వే చెప్పు. చూడడానికి ఎలా రావాలో కూడా చెప్పు. తలుపుకి చేసినట్టే మనుషులకీ చెయ్యాలి.

మీ పెద్దత్తకి: "నన్ను గుర్తుపట్టావా" అని అడగొద్దని చెప్పు. వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు.

మీ మామయ్యకి: గళ్ళ చొక్కా, పూల చొక్కా వద్దని చెప్పు. ఒకే రంగు. మీ అమ్మ గళ్ళు లెక్కపెడుతూ కూర్చుంటుంది, ఆయన మొహం చూడదు.

మీ పిన్నికి: ఏడుగురిని వెంటేసుకుని రావొద్దని చెప్పు. ఒక్కతే రావాలి. నాలుగు మాటలు మాట్లాడే చోట ఒకటి మాట్లాడమను. కష్టమే, అయినా చెప్పి చూడు.

నీకు: తప్పకుండా రా. "మా అమ్మాయి ఊళ్ళో లేదు" అంటే "అలాగా, ఎలాంటిది మీ అమ్మాయి?" అని అడుగు. చెబుతుంది. చాలాసేపు చెబుతుంది, అన్నీ మంచివే. అవన్నీ నీకెప్పుడూ చెప్పలేదు, కూర్చుని విను.

ఆఖరున, అమ్మ భర్తకి. ఇది అమ్మే నాకు అప్పజెప్పింది, ఇవాళ పొద్దున. "మీరూ బోర్డులవాళ్ళే కదా, ఎక్కడో ఒకచోట ఎదురుపడతాడు. ఇంట్లో అంతా బాగానే ఉంది, నాకిప్పుడు దారి తెలుస్తోంది, త్వరగా వచ్చెయ్యమని చెప్పండి" అంది. ఆయనకి మాత్రం నేను చెబుతాలే.